కాకిముక్కు పుట్టిన చెలక

పోయిన ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా మనుమరాలు గడప దగ్గర కూర్చుని, చెప్పులకు అంటుకున్న రేగడిమట్టిని పుల్లతో గీకుతూ కనిపించింది. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చివరి ఏడు చదువుతున్న పిల్ల, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఏడాదిగా రైతుల కోసం ఒక యాప్ తయారు చేస్తోంది. ఇప్పటివాళ్లు దాన్నే స్టార్టప్ అంటున్నారు. వారం రోజులు చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి ఆ యాప్ తెరిచి చూపితే, రైతులు మర్యాదగా చూసి, మర్యాదగా చాయ్ తాగించి, అంతే మర్యాదగా సాగనంపారట. చివరి ఊళ్లో ఒక పెద్దమనిషి మాత్రం, నువ్వు చెప్పేవన్నీ మాకు ఎరుకే బిడ్డా, మాకు ఎరుకలేనిది వేరే ఉంది, అది నువ్వు అడగనే లేదు అన్నాడట.

"తాతా, బంద్ పెడుతున్నం," అని చెప్పింది. ఏడుస్తుందేమోనని నేను పక్కకు జరిగి చోటిచ్చాను గానీ ఆ పిల్ల నవ్వింది. మైళ్ల దూరం మోసుకొచ్చిన మోపును నెత్తిమీంచి దించిన మనిషి నవ్వు అది. అన్నం పెట్టించుకుని కడుపునిండా తిని, సాయంత్రం దాకా కదలకుండా నిద్రపోయింది. ఏడాది కష్టం గంగపాలైందని దాని తల్లి, అంటే మా అమ్మాయి, వంటింట్లో ఒకటే బాధపడింది. ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వే. అలాంటి నవ్వు నేను నవ్వి నలభై ఏళ్లు దాటింది. అయితే నాకు అది అంత సులువుగా రాలేదు, ఆలస్యంగా వచ్చింది, దానికి ముందు చాలా సిగ్గు వచ్చింది.

మాది బెల్లంపల్లి. మా బాపు, అంటే నాన్న, బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గనిని మా దగ్గర బాయి అనే అంటారు, గనికి వెళ్లడాన్ని బాయి దిగడం అంటారు. తెల్లారక ముందే బాపు టోపీకి దీపం తగిలించుకుని దిగిపోతే, మళ్లీ పైకి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా మా అవ్వ, అంటే అమ్మ, ఏ పని చేస్తున్నా ఒక చెవి వాకిలి మీదే ఉంచేది. కంపెనీ క్వార్టర్లలో మా వరుసలో ఉన్నవాళ్లలో సగం మందివి వేరే భాషలు, వేరే ఊళ్లు. పండగలు వేరు, వంటలు వేరు, కానీ ఆ వాకిలి మీది చెవి మాత్రం ప్రతి ఇంట్లోనూ ఒక్కటే.

నేను ఐటీఐలో ఫిట్టర్ నేర్చుకున్నాను. ఇనుము అంటే పిచ్చి. నేను ఒక్కడినే కొడుకును గనుక, బాపుకు వయసు మీద పడి ఊపిరి ఆడక కంపెనీ డాక్టర్లు ఇక చాలు అని రాసినప్పుడు ఆయన ఉద్యోగం నాకు వచ్చే వీలు ఏర్పడింది. ఆ రోజుల్లో ఆ ఉద్యోగం అంటే ఏమిటో మా వయసు వాళ్లకు చెప్పనక్కరలేదు. క్వార్టరు, దవాఖానా, పిల్లల చదువు, అన్నీ దాని వెంటే వస్తాయి. నేను వద్దన్నాను. అప్పటికే రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని వెల్డింగు పనులు చేస్తున్నాను. నా తలలో ఒక యంత్రం తిరుగుతోంది. అవ్వ మొత్తుకుంది. "ముంగట పెట్టిన ఇస్తరి కాలదన్నుకుంటున్నవ్ కొడుకా," అని మూడు రోజులు అన్నం ముట్టలేదు. బాపు మాత్రం ఒక్కసారి అడిగి, నేను తల అడ్డంగా ఊపేసరికి, కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. ఆ మౌనమే నన్ను రెండేళ్లు తరిమింది.

ఆ యంత్రం సంగతి చెప్పాలి. పరదేశాల్లో పత్తి ఏరే పెద్ద పెద్ద బండ్లు ఉంటాయని ఒక పత్రికలో బొమ్మ చూశాను. మన చేలకు సరిపోయే చిన్నది నేనెందుకు చేయకూడదు అనిపించింది. గాలి పీల్చే పంకా ఒకటి, దాన్ని తిప్పడానికి పాత డీజిలు ఇంజను, చివర మెత్తటి గొట్టం, పత్తి పోయి పడడానికి గోనెసంచి. చెట్టు దగ్గర గొట్టం పెడితే పత్తి దానంతట అదే వచ్చి సంచిలో పడాలి. ఏడాదిన్నర దానితోనే గడిపాను. పెళ్లయిన కొత్త, నా భార్య సద్ది కట్టుకుని షెడ్డుకు వస్తే ఆమెతో మాట్లాడిన దానికంటే ఆ పంకా రెక్కలతో మాట్లాడింది ఎక్కువ. ఇంత చేసి, ఆ ఏడాదిన్నరలో పత్తి ఏరే మనిషిని ఒక్కరినైనా, అమ్మా ఇది నీకు కావాలా అని అడిగిన పాపాన పోలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. కష్టం ఏమిటో నాకు తెలుసుననుకున్నాను. పరిష్కారం నా చేతిలో ఉన్నప్పుడు కష్టం కూడా దానికి తగ్గట్టే ఉండాలి కదా అన్నట్టు ఉండేది నా ధోరణి.

నా ఇరవై ఏడో ఏట, యంత్రం పూర్తయిన రోజు మా పాస్టర్ గారిని షెడ్డుకు పిలిచి ప్రార్థన చేయించాను. ఆయన దాని మీద చెయ్యి ఉంచి చాలాసేపు ప్రార్థించారు. దేవుడు విన్నాడనే నా నమ్మకం. ఆయన ఇచ్చిన జవాబు అర్థం కావడానికే నాకు కొంత సమయం పట్టింది.

నా భార్య అక్క, అంటే మా వదిన, ఉట్నూరుకు అవతల అడవి అంచు పల్లెలో ఉండేది. మా తోడల్లుడికి అక్కడ కింద ఒకటి, మీద ఒకటిగా రెండు పత్తి చెలకలు, అంటే మెట్ట చేలు. యంత్రాన్ని విప్పి, ముక్కలు ముక్కలుగా లారీలో ఉట్నూరు దాకా, అక్కడి నుంచి జీపులో పల్లె దాకా చేర్చి, చెలక గట్టున కూర్చుని మళ్లీ బిగించాను. పత్తి ఆఖరు ఏరుడు జరుగుతోంది. కైకిలి కూలికి వచ్చిన ఆడవాళ్లు పది పన్నెండు మంది ఏరడం ఆపి, నడుములకు కట్టిన ఒడి సంచులతోనే చుట్టూ చేరారు. ఇంజను స్టార్టయింది. మొదటి చెట్టు దగ్గర గొట్టం పెట్టగానే పత్తి సర్రున లోపలికి పోయింది. నా గుండె పొంగింది. పత్తి వెంట ఎండుటాకు పోయింది, కాయ డిప్పలు పోయాయి, ధూళి పోయింది, ముందుకు వంగి చూస్తున్న ఒక ముసలవ్వ కొంగు కూడా పోయింది. ఆమె కేకకు ఇంజను ఆపేశాను. కొంగు మెల్లగా బయటికి లాగి, సంచి విప్పి కుమ్మరిస్తే అందులో ఉన్నది పత్తి కాదు, చెత్తలో కలిసిన పత్తి. దాన్ని ఏరి శుభ్రం చేయడానికి ఇంకో పదిమంది కావాలి.

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి కంటే జాలి ఎక్కువ ఉంది, అదే ఎక్కువ గుచ్చుకుంది. ముసలవ్వ తన కొంగు దులుపుకుంటూ నా పక్కకు వచ్చి, "ఏరుడు మాకు కష్టం గాదు బిడ్డా. ఏరుకుంట ముచ్చట్లు పెట్టుకుంటం, పాటలు పాడుకుంటం. గీ పని నువ్వు గుంజుకుంటె మేమేం జెయ్యాలె?" అంది. తప్పు పట్టిన గొంతు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఆ మధ్యాహ్నం వదిన ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. నేను తల వంచుకుని, రెక్కల వాలు కొంచెం మారిస్తే ఆకు రాదు, జల్లెడ పెడితే ధూళి రాదు అంటూ మా తోడల్లుడికి ఇంకా చెబుతూనే ఉన్నాను. ఓడిపోయినవాడు ఊరుకోడు కదా, ఎక్కువ మాట్లాడతాడు. అప్పుడు ఎందుకో తల ఎత్తి చూస్తే, మా అందరి పళ్లాల్లో అన్నం, పచ్చిపులుసు ఉన్నాయి. వదిన మాత్రం ఉత్త అన్నంలో పాలు పోసుకుని, పిల్లలకు మందు పోసే చిన్న చెంచాతో తింటోంది. పానం బాగలేదా వదినా అని అడిగాను. ఆమె నవ్వింది. నేను మళ్లీ అడిగితే చెంచా పక్కన పెట్టి రెండు అరచేతులూ చాపింది.

బొబ్బలు లేచి, చిట్లి, వాటి కింద మళ్లీ లేచి, ఎర్రగా పచ్చిగా ఉన్నాయి. వేళ్ల మడతల్లో నల్లటి పగుళ్లు. "మీది చెలకల కట్టె పీకుతున్నం గద మరిదీ, మూడొద్దులాయె. పులుసు తాకితె మండుతది. యాడాదికి ఒక నెల గిట్లనే చెంచతోని తింట," అంది, యాడాదికి ఒకసారి జాతర వస్తుందన్నంత మామూలుగా.

పత్తి అయిపోయాక ఎండిన చెట్లను వేళ్లతో సహా పీకి చేను ఖాళీ చేయాలి. గొడ్డలితో నరికితే మొదళ్లు మిగిలి, ఎడ్ల కాళ్లకూ మనుషుల కాళ్లకూ గుచ్చుకుంటాయి. అప్పటికి నేల ఆరి రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. చేతులకు గుడ్డ చుట్టుకుని, వంగి, మొదలు పట్టుకుని, నడుము బలమంతా పెట్టి ఒక్కొక్క కట్టెనూ గుంజాలి. ఎకరానికి అవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ ఇంటికి నేను పెళ్లయినప్పటి నుంచీ వస్తున్నాను. ఆ వంట తిన్నాను, ఆ చేతులతో వడ్డిస్తేనే తిన్నాను. పత్తి రైతుల కష్టం తీరుస్తానని ఏడాదిన్నర ఇనుము కాల్చినవాణ్ణి, కష్టం నా పళ్లెం పక్కనే కూర్చుని చెంచాతో అన్నం తింటుంటే చూడలేదు.

నేను వెంటనే బెల్లంపల్లికి తిరిగి పోలేదు. యంత్రాన్ని పశువుల కొట్టంలో పడేసి, మర్నాడు పొద్దున్నే వాళ్లతో పాటు మీది చెలకకు వెళ్లాను. నేను ఆరడుగుల మనిషిని, సుత్తి పట్టిన చేతులు. పొద్దు నెత్తిమీదికి రాకముందే నా చేతులు బొబ్బలెక్కాయి, నడుము నిలబడనివ్వలేదు. ఆడవాళ్లు నన్ను చూసి మళ్లీ నవ్వారు, ఈసారి ఆ నవ్వు నాకు బాగుంది. ఐదు రోజులు పీకాను. ఏ కట్టె సులువుగా వస్తుంది, ఏది తెగుతుంది, ఎక్కడ పట్టుకుంటే వేరు కదులుతుంది, మనిషి ఒంట్లో ఏ భాగం ముందు అలిసిపోతుంది, ఇవన్నీ ఏ పత్రికలోనూ లేవు. ఇంటికి వెళ్లేటప్పుడు నా జేబులో బొమ్మ ఏదీ లేదు. చేతులు మాత్రం నెల రోజులు జ్ఞాపకం పెట్టుకున్నాయి.

షెడ్డులో మొదట ఒక పెద్ద పటకారు చేశాను. అది కట్టె తోలు ఒలిచి జారిపోయింది. ఆ తర్వాత పట్టు కుదిరింది గానీ, పనిముట్టు గట్టిదై ఉండాలని నిండు ఇనుప కడ్డీ వాడాను. వదిన ఒక వరుస పీకి కింద పడేసి, కట్టె పీకుడు కన్న దీన్ని మోసుడే బరువైంది అంది. కడ్డీ తీసేసి గొట్టం వేశాను. అప్పుడు తేలికైంది, కానీ పిడి నా ఎత్తుకు కొలిచి పెట్టానని చేలో గానీ తెలియలేదు. "నీ అంత పొడుగు ఆడోళ్లు గీ ఊళ్లె యాడున్నరు మరిదీ? జర పొట్టిగ జెయ్," అని వదిన పిడి తన గడ్డం కింద ఆనించి చూపిస్తే అందరూ విరగబడి నవ్వారు. బెల్లంపల్లి నుంచి ఉట్నూరుకు బస్సు మీద బస్సు మారి, ఇనుప గొట్టాలు ఒళ్లో పెట్టుకుని ఎన్నిసార్లు వెళ్లానో. ఒక కండక్టరు నన్ను చూడగానే, మళ్లీ వచ్చిండు గొట్టాలాయన అని వెనక సీటు చూపించేవాడు. వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక తప్పు పట్టేవారు. మొహమాటానికి మంచిగుంది అన్నవాళ్ల మాట నేను పక్కన పెట్టడం అప్పుడే నేర్చుకున్నాను. తిట్టినవాళ్ల పక్కన కూర్చునేవాణ్ణి.

చివరికి అది ఇలా కుదిరింది: రొమ్ము ఎత్తుకు సన్నటి గొట్టం, దాని కింద లోపల పళ్లున్న ఇనుప నోరు, నోటి వెనక నేలమీద ఆనే చిన్న పలక. నోట్లో కట్టె మొదలు ఇరికించి, నిలబడే పిడిని కిందికి నొక్కితే చాలు, కట్టె వేరుతో సహా పైకి లేస్తుంది. వంగే పని లేదు, చెయ్యి కట్టెకు తగలదు. ఆ నోటిని చూసి ఆడవాళ్లే దానికి కాకిముక్కు అని పేరు పెట్టారు. నేను వేరే ఏదో గంభీరమైన పేరు అనుకున్నాను, ఇప్పుడది గుర్తు కూడా లేదు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒక కాకిముక్కును వదిన ఇంట్లో వదిలి, ఇంకో రెండు చేయడానికి ఇంటికి వచ్చాను. పది రోజుల తర్వాత వెళ్లి, నోటి పళ్లు ఎంత అరిగాయో చూద్దామని అడిగితే, వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది తన దగ్గర లేదు. పక్కింటివాళ్లు ఒక్క పూటకని తీసుకుపోయారు, వాళ్ల దగ్గర నుంచి వాళ్ల వియ్యపురాలు, అక్కడ నుంచి ఇంకొకరు. ఇల్లిల్లూ తిరిగి నేను చివరికి చేరింది ఆ ముసలవ్వ ఇంటికి, నా మొదటి యంత్రం ఎవరి కొంగు మింగిందో ఆమె ఇంటికి. కాకిముక్కు మంచం కింద, గోనెపట్టాలో చుట్టి ఉంది. పళ్లు చూసి ఇచ్చేస్తానవ్వా అన్నాను. ఆమె మంచం మీది నుంచి లేవలేదు సరికదా, కాళ్లు కిందికి వేలాడేసి దానికి అడ్డం పెట్టుకుంది.

"ఇయ్య. నాదింక ఎకరం మిగిలింది. నీకు జేసుడొచ్చు గద, ఇంకోటి జేస్కో పో!"

ఆ వాకిట్లోనే అరుగు మీద కూలబడి నవ్వాను. నవ్వుతూ ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండేళ్లకు పైగా ఛాతీ మీద ఎక్కి కూర్చున్నదేదో దిగిపోయింది. నేను చేసిన వస్తువును ఒక మనిషి తిరిగి ఇవ్వనంది! అంతకు ముందు ఎంతమంది భుజం తట్టి బాగుందన్నా కలగని ధైర్యం ఆ ఒక్క "ఇయ్య" వల్ల కలిగింది. ఇక నేను ఎవరినీ ఒప్పించనవసరం లేదు. ముసలవ్వ, వీడికేదో పట్టింది అన్నట్టు చూసి, మంచం పక్కనున్న కుండలోంచి చెంబుతో మంచినీళ్లు ముంచి ఇచ్చింది. అప్పుడు కూడా ఒక కాలు గోనెపట్టా దగ్గరే ఉంది.

ఆ తర్వాతి సంగతులు చెప్పుకోవడానికి పెద్దగా లేవు, బాగా జరిగినవాటికి కథ తక్కువ. మరుసటి సీజనుకు పనిముట్టు ఆదిలాబాద్ సంతల్లోకి వెళ్లింది, తర్వాత కరీంనగర్ దిక్కు పత్తి ఊళ్లకు వచ్చింది. షెడ్డు చాలక పెద్దది కట్టాము. బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులు అవి; మా క్వార్టర్ల వరుసలో ఉద్యోగం దొరకని కుర్రవాళ్లు చాలామంది మా దగ్గర ఇనుము పట్టి, ఇళ్లు నిలబెట్టుకున్నారు. పసుపు తవ్వడానికి ఒకటి, మక్కజొన్నలు ఒలవడానికి ఒకటి, ఇంకా ఏవేవో చేశాము. దేనికీ ముందు బొమ్మ గీయలేదు. ఎవరికి కొత్త ఆలోచన వచ్చినా, వాళ్లు ముందు వెళ్లి ఆ పని ఐదు రోజులు చేసి రావాలి, అదొక్కటే మా షెడ్డు నియమం. సగం ఆలోచనలు మూడో రోజుకే చచ్చిపోయేవి. వాటికి నాకెప్పుడూ దుఃఖం కలగలేదు.

బాపు విషయం మిగిలింది. పెద్ద షెడ్డు కట్టాక ఆయన రోజూ వచ్చి, ఒక మూల పీట వేసుకుని, పిడుల చివర్లను ఆకురాయితో అరగదీసి నున్నగా చేసేవాడు. ఎవరూ చెప్పని పని. ఒకరోజు మధ్యాహ్నం సద్ది తిన్నాక, చేతిలో పిడిని అటూ ఇటూ తిప్పి చూస్తూ, నా దిక్కు చూడకుండానే, "నువ్వు బాయి దిగనన్ననాడు నాకు మస్తు నిమ్మలమైంది బిడ్డా," అన్నాడు. నేను సరిగా వినలేదనుకున్నాను. "దిగుమని ఎట్ల జెప్పాలె, దిగద్దని ఎట్ల జెప్పాలె? కడుపు సూడాలె గద. గందుకే బయటికి పోయిన. మోరి కాలువ కాడ కూసుండి ఏడ్చిన, దుఃఖంతోని గాదు," అన్నాడు. ఇంతకాలమూ ఆయన మౌనాన్ని నేను కోపమనుకుని మోశాను. ఆకురాయి చప్పుడు మళ్లీ మొదలైంది. నేను లేచి వెళ్లి, పని ఉన్నట్టు భట్టీలో బొగ్గు ఎగదోశాను.

ఇప్పుడు షెడ్డు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నాలుగేళ్లుగా కాకిముక్కు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ట్రాక్టరు వెనక తగిలించే యంత్రాలు వచ్చాయి. అవి పత్తికట్టెను నిలువునా తురిమి చేలోనే కలిపేస్తాయి, ఎకరం పని చాయ్ తాగి వచ్చేలోపు అయిపోతుంది. కిందటేడు మా అబ్బాయి కాకిముక్కు చేయడం ఆపేశాము నాన్నా అని, ఏదో చావు కబురు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. నాకు బాధ కలగలేదు. ఒక రోగానికి మందు చేసినవాడు, ఆ రోగమే లేకుండా పోయిందంటే ఏడవడు కదా. ఈ కాలపు ఆడపిల్లలకు కట్టె పీకడం అంటే ఏమిటో వివరించి చెప్పాల్సి వస్తోందంటే అంతకంటే కావలసిందేముంది.

అయినా మొన్న ఫిబ్రవరిలో ఒక పెళ్లికి ఉట్నూరు మీదుగా వెళుతూ, కారు ఆపించుకుని ఒక పత్తి చేను గట్టున కాసేపు నిలబడ్డాను. ట్రాక్టరు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతోంది. నడిపే అబ్బాయి చెవుల్లో ఏవో పెట్టుకుని పాటలు వింటున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు, ఆపలేదు. పని చక్కగా సాగుతోంది. చేను మొత్తానికి అతనొక్కడే. ఒకప్పుడు అలాంటి గట్టు మీద నిలబడితే పన్నెండు మంది ఆడవాళ్లు పని ఆపి వచ్చి, ఎవరు నువ్వు, ఏ ఊరు, ఎందుకొచ్చినవ్ అని నిలదీసేవాళ్లు. చేతిలోది లాక్కుని చూసి, పనికిరాదని మొహం మీదే చెప్పి, పోయేటప్పుడు జొన్నరొట్టె చేతిలో పెట్టేవాళ్లు. ఆ కష్టం పోయినందుకు నా మనసు ఎంతో తేలికైంది. ఎవరూ ఏమీ అడగకుండానే తిరిగి వచ్చి కారెక్కినప్పుడు మాత్రం, ఈ రోజుల్లో ఇరవై ఏడేళ్ల కుర్రవాడు తన పనికిరాని యంత్రాన్ని మోసుకుని వస్తే, వాడితో నిజం చెప్పడానికి చేలో ఎవరు ఉంటారా అనిపించింది.